దొరబాబుకి నేను నచ్చిన రోజు

మా చెల్లెలి సంబంధాలు రెండు నా చేతుల వల్ల చెడిపోయాయి. మూడోదాన్నైనా కాపాడదామని ఆ చేతుల్ని జేబుల్లో దాచుకుంటే, జేబులే దాన్ని చెడగొట్టబోయాయి. చివరికి పెళ్లివారందరూ చూస్తుండగా, నాకంటే బాగా పొడవైన మగపక్షి ఒకటి నన్ను వలచింది. ఈ మూడోదాని సంగతంతా ఒకే ఉదయం జరిగింది. నవ్వుకోండి, పరవాలేదు. మా ఇంట్లో వాళ్లు ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, మీరు కొత్తగా చేసే నష్టమేమీ లేదు.

చేతులంటే దొంగతనమో, కొట్లాటో అనుకునేరు. నాది ఉక్కు కర్మాగారంలో క్రేన్ కింద నిలబడే ఉద్యోగం. పైన క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కి కింద ఏముందో సరిగ్గా కనబడదు. ఆ హోరులో మాట వినబడదు. కింద నిలబడి నేను చేసే సైగను బట్టే బరువు లేస్తుంది, దిగుతుంది. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే పైకెత్తు. వేలు కిందికి పెట్టి తిప్పితే దించు. రెండు చేతులూ బార్లా చాపితే ఉన్నపళంగా ఆపు. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకుంటే పని అయింది, ఇక కదపకు.

రోజూ ఏనుగులంత బరువులు తన వేలికొసకి లేచి దిగుతుంటే ఏ మనిషికైనా కాస్త పొగరు వస్తుంది. కొందరికి ఆ పొగరు తలకెక్కుతుంది. నాకు భుజాల్లోకి దిగింది. ఇంటికొచ్చాక కూడా చేతులు ఊరుకునేవి కావు. నా భార్య కనకం పెనం ముందు నిలబడి ఉంటే, వెనక నుంచి అట్టు ఎప్పుడు తిప్పాలో వేలితో చూపించేవాణ్ణి. ఉక్కునగరంలో మా క్వార్టర్ ముందు ఎవరు స్కూటర్ పెట్టినా బయటికొచ్చి వెనక్కి, ఇంకా వెనక్కి, చాలు అని చేతులు ఊపేవాణ్ణి. వాళ్లు అడిగారా అంటే అడగలేదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అదే నా జబ్బు.

ఇలాంటి వాడికి చెల్లెలి సంబంధాలు చూసే పని అప్పగించారు. అమ్మా నాన్నా ఊళ్లో నాట్లు, కోతలు వదిలి మాటిమాటికీ రాలేరు. శిరీష నా దగ్గరే ఉండి గాజువాకలో ఒక కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్ష చేసే ఉద్యోగం చేసేది. ఊరందరి చూపూ సరిచేసే పిల్ల, నా చేతుల్ని మాత్రం సరిచెయ్యలేకపోయింది.

మొదటి పెళ్లిచూపులకి వచ్చిన అబ్బాయి మేనమామకి జీడిపప్పు పాకం మీద మనసు పడింది. రెండు ముక్కలు తిన్నాడు. మూడోదాని మీద చెయ్యి వెయ్యబోతుంటే, నా ప్రమేయం లేకుండానే నా కుడిచెయ్యి ముందుకి చాపుకుని, అరచెయ్యి కిందికి తిరిగి, ఇటూ అటూ ఊగింది. ఆపు అని. ఆయన పళ్లెంలో ఎక్కువ బరువు పడుతోందని నా చేతికి అనిపించి ఉంటుంది. ఆయన ముక్క పళ్లెంలోనే పెట్టేసి, చెయ్యి కడుక్కుని, మళ్లీ కబురు చెయ్యలేదు.

రెండోసారి నేను బుద్ధిగా అబ్బాయి వెనక నిలబడ్డాను, ఎవరికీ కనబడకుండా. శిరీష కాస్త గట్టిగా మాట్లాడుతోందనిపించి, కొంచెం దించు, ఇంకొంచెం దించు అని వేలు కిందికి తిప్పుతూ ఉన్నాను. ఎదురుగా బీరువా ఉంది. బీరువాకి నిలువుటద్దం ఉంది. ఆ అద్దంలో అబ్బాయి నన్నే చూస్తున్నాడు. ఈ ఇంట్లో పిల్ల గొంతు కూడా అన్నగారి చేతిలోనే ఉంటుందా అని మధ్యవర్తిని అడిగాడట. అబ్బాయి తెలివైనవాడే. పోగొట్టుకున్నాం.

ఇక మూడోది. కిషోర్‌కి ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపు. వెల్డింగు వెలుతురుకి కళ్లు మండుతున్నాయని శిరీష దగ్గర పరీక్ష చేయించుకున్నాడు. కళ్లు బాగానే ఉన్నాయని చెప్పి పంపింది. బాగున్న కళ్లతో మళ్లీ వచ్చాడు. మళ్లీ బాగానే ఉన్నాయంది. మళ్లీ వచ్చాడు. అప్పుడు మా చెల్లికి అర్థమైంది, జబ్బు కళ్లలో లేదని.

వాళ్లది గోదావరి వైపు కుటుంబం. తండ్రి సత్యనారాయణగారు పోర్టులో ఉద్యోగానికి వచ్చి గోపాలపట్నంలో స్థిరపడ్డారు. మనిషి మంచివాడేగానీ మర్యాదల దగ్గర మహా పట్టింపు అని కిషోర్ ముందే చెప్పాడు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి అందరూ చుట్టూ చేరి చూడటం ఇబ్బందిగా ఉంటుంది, ఎక్కడైనా బయట కలుద్దాం అని అబ్బాయి తల్లి వరలక్ష్మిగారు అన్నారట. సబ్బవరం దాటాక ఒక ఫారం ఉంది. అక్కడ ఈము పక్షులకీ, నిప్పుకోళ్లకీ, అదే ఆస్ట్రిచ్‌లకీ, వచ్చినవాళ్లు తమ చేత్తో మేత పెట్టొచ్చు. ఆదివారం పొద్దున్న రెండు కుటుంబాలూ అక్కడ కలిసేలా ఖాయం చేసుకున్నారు.

ముందురోజు సాయంత్రం శిరీష నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అన్నియ్యా, ఈ సమ్మందం నాకు కావాలి."

"నాకూ కావాలమ్మా. నాను సూసుకుంటాను కదా."

"అదే వొద్దంతన్నాను. నువ్వేటీ సూసుకోవద్దు. రేపంతా నీ సేతులు జేబులో ఎట్టుకో. బయటికి తియ్యకు."

"ఎంతసేపు?"

"ఆళ్లు కారెక్కి ఎల్లిపోయేదాకా."

వంటింట్లోంచి కనకం, ఉత్తి మాటకి ఈయన ఆగడు, ఒట్టేయించుకో అని సలహా పడేసింది. శిరీష నా కుడిచెయ్యి పట్టుకుని తన నెత్తిమీద పెట్టుకుంది. ఒట్టు వేశాను. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. మాది నిబంధనల మీద బతికే ఉద్యోగం. గీత లోపల నిలబడమంటే గీత మీద కూడా కాలు పెట్టం. చేతులు జేబులో అంటే, ఇక జేబులోనే.

మర్నాడు మేమే ముందు చేరాం. కాసేపటికి వాళ్ల కారు వచ్చింది. నడుపుతున్నది సత్యనారాయణగారే. నిలపడానికి చోటు తక్కువ, ఒక పక్క కొబ్బరి చెట్టు, ఇంకో పక్క దాణా బస్తాలు. ఆయన వెనక్కి తీస్తున్నారు. మెల్లగా, వంకరగా, నేరుగా బస్తాల మీదికి. జేబుల్లో నా వేళ్లు సంచిలో పడ్డ ఎలకపిల్లల్లా కొట్టుకున్నాయి. పళ్లు బిగించి ఆకాశం వైపు చూశాను. కారు వెళ్లి బస్తాకి మెత్తగా ఆనుకుంది.

ఆయన దిగి, తెల్లచొక్కా సర్దుకుని, నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించారు. "నమస్కారమండి. ఆయ్, ముందే వచ్చేసినట్టున్నారు."

నమస్కారానికి చేతులు కావాలన్న సంగతి ఒట్టు వేసేటప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు. నేను జేబుల్లో చేతులతోనే, తుపానుకి ఒరిగిన కరెంటు స్తంభంలా నడుం దగ్గర వంగి, "నమస్కారమండి" అన్నాను. ఆయన చేతులు కాసేపు అలాగే గాలిలో ఉండి, ఒకటొకటిగా కిందికి దిగాయి. బరువు దిగడం చూసే కళ్లు నావి. ఆ దిగడం బాగాలేదని అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. ఒట్టు నిలబెట్టుకున్న గర్వంలో ఉన్నాను.

ఫారం నడిపే ఆవిడ అందరికీ కొబ్బరి బొండాలు కొట్టించింది. సత్యనారాయణగారు మర్యాదస్తుడు కదా, మొదటి బొండాం తాను తీసుకోకుండా నాకు అందించారు. నేను ఆయన్ని చూశాను, బొండాన్ని చూశాను, కనకాన్ని చూశాను. కనకం గబగబా అందుకుని గొట్టం నా నోటి దగ్గర పెట్టింది. తాగాను. పెద్దవాళ్ల ఎదుట, జేబుల్లో చేతులతో నిలబడి, పెళ్లాం బొండాం పట్టుకుంటే తాగాను. మధ్యలో గొట్టం జారితే ఆవిడ నా గడ్డం కూడా తుడిచింది. వరలక్ష్మిగారు వేరే వైపు తిరిగారు. కిషోర్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

తర్వాత ఈముల దగ్గరికి వెళ్లాం. తలా ఒక డబ్బాలో దాణా గుళికలు ఇచ్చారు. నా డబ్బా కూడా కనకమే పట్టుకుంది. ఈముకి అందరి చేతులూ కావాలి. వరుసగా కంచె మీదుగా మెడలు చాపి అరచేతుల్లో టకటకా ఏరుకుని తిన్నాయి. ఒకటి మాత్రం నా ముందు ఆగి, నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, నా జేబు దగ్గర ముక్కు పెట్టి ఒక పోటు పొడిచింది. లోపల ఏదో గొప్ప మేత దాచుకున్నాననుకుంది. నేను కదల్లేదు. ఇంకో పోటు. కదల్లేదు. మీరూ పెట్టండి బాబూ, ఏం చెయ్యవు అని వరలక్ష్మిగారు మెత్తగా అన్నారు. పర్వాలేదండి, నేను చూస్తాను అన్నాను, దొరవారిలా.

శిరీష అప్పుడు నా వైపు చూసింది. ముఖంలో రక్తం లేదు. ఎంత బుద్ధిగా ఉన్నానో చూడు అన్నట్టు కనుబొమలు ఎగరేశాను. కనుబొమల గురించి ఒట్టులో లేదు.

అంతలో సత్యనారాయణగారు భార్యని పక్కకి పిలిచారు. నా వెనకే నిలబడి, గొంతు తగ్గించి అన్నా నా చెవిన పడింది. "పిల్ల బంగారంలా ఉందే. కానీ ఆ అన్నగారు చూడు, పెద్దంతరం చిన్నంతరం లేదు. నమస్కారానికి చెయ్యి తియ్యడు, ఇచ్చింది అందుకోడు. ఇంత పొగరున్న ఇంటితో మనం వేగలేం. ఆ పెద్ద పక్షుల్ని కూడా చూసేసి మర్యాదగా బయల్దేరదాం."

అప్పుడు తెలిసింది. వెంటనే చేతులు తీసి ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది. కానీ ఒట్టు మా చెల్లి నెత్తిమీద ఉంది. శిరీషని అడిగి ఒట్టు విడిపించుకుందామంటే, అప్పటికే కిషోర్‌తో నిప్పుకోళ్ల కంచె దగ్గరికి వెళ్లిపోయింది. వెనకే నేనూ నడిచాను, జేబుల్లో చేతులతో పరుగెత్తడం రాక, బాతులా.

ఆ కంచెలో ఒకే ఒక మగపక్షి ఉంది. నల్లటి ఒళ్లు, తెల్లటి రెక్కల అంచులు, నా తలకంటే బాగా పైకి ఒక మెడ, ఆ మెడ మీద పిడికిలంత తల, ఆ తలలో నిమ్మకాయలంత కళ్లు. పేరు దొరబాబట. గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచి మనుషుల మధ్యే పెరిగాడు, మహా మర్యాదస్తుడు అని ఫారం ఆవిడ పరిచయం చేసింది. ఈరోజు ఇంకో మర్యాదస్తుడా అనుకున్నాను.

ఇక్కడ నేను మిమ్మల్ని కాస్త కుడివైపు చూడమంటాను. నేనూ అటే చూశాను, నా ఖర్మ. కంచె పక్కనే నీళ్ల ట్యాంకు కోసం సిమెంటు దిమ్మ కట్టారు. పెద్ద ఇనుప ట్యాంకుని దాని మీద పెట్టడానికి ఆటోనగర్ నుంచి హైడ్రా వచ్చింది. హైడ్రా అంటే చక్రాల మీద తిరిగే చిన్న క్రేను, మా విశాఖలో ఆటోల తర్వాత ఎక్కువగా కనబడే బండి. ట్యాంకు గాలిలోకి లేచి ఉంది. మెల్లగా ఊగుతోంది. దాని అవతల ఏముందో ఆపరేటర్‌కి కనబడటం లేదు. కింద సైగ ఇచ్చే మనిషి లేడు.

మళ్లీ చెబుతున్నాను, సైగ ఇచ్చే మనిషి లేడు. మీకది చిన్న విషయంగా తోచవచ్చు. నాకది ఉయ్యాల్లో పసిబిడ్డను వదిలేసి అందరూ సినిమాకి పోయినట్టు.

నా చేతులు బయటికి వచ్చేశాయి.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. సత్యనారాయణగారు అటువైపే నడిచి వెళ్లి, బయల్దేరడానికి డ్రైవింగు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఆ ట్యాంకు వచ్చే దారిలోనే నిలబడ్డారు. ఆయన్ని కాపాడటానికే చేతులు తీశానని చెప్పుకుంటే ఎంత బాగుండేది. కానీ చేతులు తీసింది ముందు. ఆయన్ని చూసింది తర్వాత. చూశాక మాత్రం రెండు చేతులూ బార్లా చాపేశాను. ఉన్నపళంగా ఆపు.

ఆపరేటర్ బుద్ధిమంతుడు. సైగ చూడగానే ఆపాడు. ట్యాంకు ఆగింది. సత్యనారాయణగారు తలెత్తి, పైనున్నది చూసి, నాలుగు అంగల్లో ఇవతలికి వచ్చేశారు.

అంతా బాగానే ఉంది కదా. కానీ నేను చేతులు బార్లా చాపిన చోటికి సరిగ్గా ఎదురుగా, కంచె లోపల, దొరబాబు ఉన్నాడు. ఆయనా చూశాడు. మెడ నిటారుగా చేశాడు. తర్వాత తన రెండు రెక్కలూ నాలాగే బార్లా చాపాడు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఒకసారి సైగ ఇచ్చాక, ఆ బరువు కింద ఆనేదాకా నువ్వే దిక్కు. వదిలేసి వెళ్లకూడదు. ఆపరేటర్ ఇక నా చేతులు తప్ప ఇంకేమీ చూడడు. అంటే, ట్యాంకు దిమ్మ మీద కూర్చునేదాకా నేను చేతులు ఊపుతూనే ఉండాలి.

వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాను. ట్యాంకు లేచింది. దొరబాబు తలకాయ కూడా గుండ్రంగా తిరిగింది. ఎడమ చెయ్యి చాపి పక్కకి జరపమన్నాను. ట్యాంకు జరిగింది. దొరబాబు ఎడమ రెక్క ఎత్తి పక్కకి జరిగాడు. కుడి చెయ్యి. కుడి రెక్క. ఆయన మెడ, కాళ్ల ముందుభాగం నెమ్మదిగా గులాబీ రంగుకి తిరిగాయి. గొంతు బుడగలా ఉబ్బింది. అందులోంచి ఒక శబ్దం వచ్చింది. రేవులోకి వచ్చే ఓడ కూత మీరు వినే ఉంటారు. అది దుప్పటి కప్పుకుని కూస్తే ఎలా ఉంటుందో అలా.

"దీనికేటైనాది?" అంది కనకం.

ఫారం ఆవిడ మొహమాటపడింది. పెద్దల వైపు ఒకసారి చూసి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. మనుషుల చేతుల్లో పెరిగిన మగపక్షి కదా, ఒక్కోసారి మనుషుల్నే తన జాతి అనుకుంటాడట. ఎవరైనా ఎదురుగా రెక్కలు చాపి ఊపితే, అంటే చేతులు, ఆ మనిషి తనని ఇష్టపడుతున్నట్టు ఆయన లెక్కట.

"మరిప్పుడు మా ఆయన ఆపేయాలేటి?" అంది కనకం.

"ఆపితే మంచిదమ్మా. ఆయన ఆశపెట్టుకుంటాడు."

ఆపడం ఎలా? బరువు గాలిలో ఉంది. నేను దించమని వేలు కిందికి తిప్పాను. ట్యాంకు దిగడం మొదలుపెట్టింది. దొరబాబు కూడా దిగాడు. నా ఎదుట, మట్టిలో, మోకాళ్ల మీద కూలబడి, రెక్కలు విసనకర్రల్లా విప్పి, ఒకటి లేపి, ఇంకొకటి దించి, తలని వీపుకి ఎడమ పక్కా కుడి పక్కా టపటపా కొట్టుకుంటూ ఊగడం మొదలుపెట్టాడు. నేను మెల్లగా అన్నాను చేత్తో. ఆయన మెల్లగా ఊగాడు. ఇంకా మెల్లగా. ఆయన కళ్లు మూతలు పడ్డాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ ఆపరేటరూ నా సైగకి అంత మనసుపెట్టి పనిచెయ్యలేదని ఒప్పుకోవాలి.

నా వెనక ఎవరి ముఖం ఎలా ఉందో తెలియదు. తిరిగి చూడటానికి లేదు, కళ్లు బరువు మీద ఉండాలి. చెమట కంట్లోకి కారింది. మనసులో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. ఒట్టు తప్పాను. పొగరుబోతు అన్న పేరు ముందే ఉంది, దానికి పిచ్చివాడన్నది కలిసింది. చెల్లి కోరుకున్న ఒకే ఒక్కటి నా చేతుల మీదుగా పోతోంది.

ట్యాంకు దిమ్మ మీద కుదురుగా కూర్చుంది. గొలుసు వదులైంది. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకున్నాను. పని అయింది, ఇక కదపకు. హైడ్రా ఇంజను ఆగింది. ఆపరేటర్ క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి కంచె వైపూ నా వైపూ చూశాడు.

"బావా, నీ సైగ బాగున్నాది. పిట్టక్కూడా అర్దమైపోనాది."

అప్పుడు వెనక్కి తిరిగాను. సత్యనారాయణగారు సరిగ్గా నా ఎదురుగా ఉన్నారు. కలిపి పట్టుకున్న చేతుల్ని విడదియ్యకుండా అలాగే కొంచెం పైకి జరిపి, వేళ్లు చాపి, పొద్దున్న చెయ్యాల్సిన నమస్కారం చేశాను.

"క్షమించండి బాబుగారూ. ఈ చేతులు బయటికి వస్తే ఏదో ఒకటి చేస్తాయని మా చెల్లి నిన్న నెత్తిమీద ఒట్టు వేయించుకుంది. అందుకే జేబులో పెట్టుకున్నాను. పొగరుతో కాదండి, భయంతో."

ఆయన శిరీష వైపు చూశారు. ఆ పిల్ల తలదించుకుని, అవునన్నట్టు ఊపింది. తర్వాత ఉండబట్టలేక ముఖం చేతుల్లో దాచుకుని, "ముందు రెండు సమ్మందాలు అలగే పోనాయండి" అంది.

అంతే. ముందు నవ్వింది వరలక్ష్మిగారు. అప్పటిదాకా మాటే సరిగ్గా మాట్లాడని మనిషి, కంచె పట్టుకుని, ఊపిరి అందకుండా నవ్వుతుంటే కిషోర్ అందుకున్నాడు. దాంతో దొరబాబు ఉలిక్కిపడి లేచాడు. కిషోర్ నా పక్కకి వచ్చి నిలబడటం ఆయనకి నచ్చలేదు. కంచె మీదుగా మెడ చాపి, కిషోర్ ముఖం మీద పాములా బుస కొట్టాడు. కిషోర్ రెండడుగులు వెనక్కి వేసి, "బావగారూ, మీకు ముందే ఖాయమైపోయిందని చెబితే బాగుండేదండి" అన్నాడు.

బావగారు. ఆ మాట విన్నాను. శిరీష కూడా విన్నది, ఎందుకంటే ముఖం మీద చేతులు తీసేసింది.

సత్యనారాయణగారు అప్పటికీ నవ్వలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, నన్ను పక్కకి పిలిచారు. తనని కాపాడినందుకు ఏదో అనబోతుంటే నేనే అడ్డుపడ్డాను. నిజానికి చేతులు ముందే బయటికి వచ్చేశాయనీ, ఆయన్ని చూసింది ఆ తర్వాతేననీ ఒప్పేసుకున్నాను. సంబంధం ఎలాగూ పోయేదే, అబద్ధంతో ఎందుకు పోవాలి అనుకున్నాను.

"తెలుసండి," అన్నారాయన. "పొద్దున్నుంచీ నేను చూసింది మీ జేబులే కదండీ."

అప్పుడు నవ్వారు. చాలాసేపు నవ్వారు. నవ్వి, ఇంకో బొండాం తెప్పించి, ఆయనే స్వయంగా నాకు అందించారు. ఈసారి రెండు చేతులతో అందుకున్నాను. ఇక ఆ రోజు ఎవరూ బయల్దేరదామనలేదు. కంచె పొడుగునా మేము నడిచిన చోటికల్లా దొరబాబు నడిచాడు. మిగతా ఎవరు మేత పెట్టినా ముట్టలేదు. నేను పెడితే మాత్రం, ఒక్కొక్క గుళికా ఏరి, నా అరచెయ్యి నొప్పి పుట్టకుండా తిన్నాడు. ఆయన మర్యాద గురించి ఫారం ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

ఇంటికొచ్చాక శిరీష ముందు నిలబడి, ఒట్టు తప్పానమ్మా అన్నాను. తప్పకపోతే సంబంధం పోయేది అంది. ఒట్టు వేయించింది తనే, తప్పు తనదే అని కూడా అంది. కాదు, నా చేతులు పనిలోనే ఉండి ఇంట్లోకి రాకపోయుంటే ఆ పిల్లకి ఒట్టు అవసరమే ఉండేది కాదు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక పక్షి మోకాళ్ల మీద కూలబడాల్సి వచ్చింది.

పెళ్లి జరిగింది. పెళ్లికి కార్లు నిలిపించే పని నాకే ఇమ్మని అబ్బాయి తండ్రి స్వయంగా కోరారు. ఆయన కారు ఏ బస్తాకీ ఆనలేదు. తర్వాత బట్టలు పెట్టే వేళ, పెళ్లికూతురి అన్నగారికి అని నన్ను పీట మీద కూర్చోబెట్టి, సత్యనారాయణగారు పళ్లెం అందించారు. మడత విప్పి చూశాను. జరీ అంచు పంచె, ఉత్తరీయం. ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

"దీనికి జేబులుండవండి. ఆయ్."

ఆ తర్వాత వారానికి ఫారం ఆవిడ కనకానికి ఫోను చేసింది. దొరబాబు దిగులుగా ఉన్నాడట, మేత తగ్గించాడట, అయ్యగారు వీలు చూసుకుని ఒకసారి వచ్చి చెయ్యి ఊపి వెళ్తారా అని. పంపిస్తాను గానీ జాగర్తగా తిరిగి పంపీమని కనకం జవాబిచ్చింది. ఇన్నేళ్లయినా ఆ రాకపోకలు ఆగలేదు.

కనుక ఈ కాగితం చూస్తున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కర్మాగారం గేటు దాటాక ఎవరి అట్టూ తిప్పించను, ఎవరి జీడిపప్పు పాకం ఆపను, ఎవరి గొంతూ దించను. రెక్కలుండి ఎగరలేని ఏ జీవి ఎదుటా రెండు చేతులూ ఒకేసారి ఎత్తను. ఈ ప్రమాణం మాత్రం ఎవరి నెత్తిమీదా చెయ్యి పెట్టి చెయ్యడం లేదు. నా చేతులు ఈ పూట ఖాళీగా లేవు. వచ్చే ఆదివారం శిరీష కూతురు మామయ్య పిట్టని చూడాలంది, పంచె ఇస్త్రీ చేసుకుంటున్నాను.